ఫ్లాపీకి గంధం బొట్టు

మా ఇంటికి కంప్యూటరు వచ్చిన రోజు మా నాయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. సేలంలో కొన్న ఆ పెట్టెల్ని బస్సులో వేస్తే గుంతల్లో అదిరి పాడైపోతాయని ఎవరో ఆయన చెవిన వేశారు. అందుకని రైల్లో మొరప్పూర్ దాకా తెచ్చి, అక్కడ టెంపో మాట్లాడి, అందులో వరిగడ్డి పరిపించి, గడ్డి మీద పెట్టెల్ని పడుకోబెట్టాడు. టీవీ లాంటి భాగం ఉన్న పెట్టెను మాత్రం ఎవరినీ నమ్మలేక మా ఊరు ధర్మపురి దాకా తన ఒళ్ళోనే ఉంచుకున్నాడు. నేను పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి నన్ను ఇంటికి తెచ్చింది మా అమ్మమ్మ. నాయనకు ఆ రోజు ఇన్‌స్టిట్యూట్‌లో పని ఉండిందట.

ఇది ఎనభైల చివర్లో మాట. మా ఇంటి ముందుభాగంలో నాయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు, వెనకభాగంలో మేం కాపురం ఉండేవాళ్ళం. తెల్లారింది మొదలు టకటకమని ఒకటే చప్పుడు. మామూలు ఇళ్ళల్లో చప్పుడైతే నిద్ర లేస్తారు. ఆదివారం ఆ చప్పుడు లేక నాకు మెలకువ వచ్చేసేది. టైపు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో సగంమంది సర్కారు ఉద్యోగం కోసం వచ్చేవాళ్ళు, తక్కిన సగం ఒకరినొకరు చూసుకోవడానికి వచ్చేవాళ్ళు. రెండో రకం వాళ్ళే ఫీజు సరిగా కట్టేవాళ్ళు. నేను ఇంగ్లీషు, అరవం రెండింట్లోనూ టైపు హయ్యర్ పాసై అక్కడే నేర్పించేదాన్ని. ఇంట్లో మాట్లాడేది తెలుగు, గడప దాటితే అరవం, వేళ్ళతో కొట్టేది ఇంగ్లీషు. ఈ తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక మా ఆయన దగ్గర నేర్చుకున్నవి, తప్పులు దొర్లితే ఆయన్ను తిట్టండి.

కంప్యూటరు వెంట ఇంకొకాయన కూడా వచ్చాడు. సేలంలో ఉండే మా మేనత్త కొడుకు, నాకు బావ. కంప్యూటరు డిప్లొమా చదివాడు. చొక్కా జేబులో ఎప్పుడూ పెన్నులు, వాటితో ఆయన ఏదైనా రాయగా నేను చూడలేదు. ఈ మిషను మన చేతికి వస్తే ధర్మపురి దశ తిరిగిపోతుందని, కలెక్టరాఫీసువాళ్ళు మన గుమ్మం ముందు వరసలో నిలబడతారని కోతలు కోసేవాడు. నాయన నోరు తెరుచుకుని వినేవాడు. క్లాసు చెప్పేది బావే అని వాళ్ళిద్దరూ నన్ను అడక్కుండానే తీర్మానించేశారు.

మిషనును బిగించడానికి అమ్మినవాళ్ళ తరఫున సేలం నుంచి ఒక ఇంజినీరు అబ్బాయి వచ్చాడు. తీగలు తగిలించి, మూత విప్పి లోపలేముందో చూపించి, మళ్ళీ బిగించాడు. తర్వాత నియమాలు చెప్పాడు. గదిలోకి చెప్పులతో రాకూడదు. దుమ్ము పడకూడదు. పొగ తగలకూడదు. నీళ్ళు దరిదాపులకు రాకూడదు. తడిచేత్తో ముట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఫ్లాపీ. అది పల్చటి నల్లటి చదరపు అట్ట. అట్టకు ఒకచోట కోలగా చిన్న కిటికీ కోసి ఉంటుంది, అందులోంచి లోపలి గోధుమరంగు రేకు కనబడుతుంది. మిషను చదివేది ఆ కిటికీలోంచే కాబట్టి అక్కడ వేలు తగలకూడదు. ఈ మిషనుకు సొంత బుర్ర లేదు, స్విచ్చి వేసిన ప్రతిసారీ ఆ ఫ్లాపీ లోపల పెడితేనే నిద్ర లేస్తుంది, ఇది పోతే మిషను ఉన్నా లేనట్టే అని ఆ అబ్బాయి మరీ మరీ చెప్పాడు.

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్న మా అమ్మ ముఖం వెలిగిపోయింది. మడీ ఆచారం లేని ఇంటికి కాపురానికి వచ్చానని ఆమెకు ఎన్నాళ్ళుగానో బాధ. నాయన చెప్పులతో వంటింట్లోకి వచ్చేస్తాడు. ఇన్‌స్టిట్యూట్ పిల్లలు కాళ్ళు కడక్కుండా ఇంట్లో తిరుగుతారు. ఇన్నాళ్ళకు ఆ ఇంట్లోకి ఆమె పద్ధతి తెలిసిన ప్రాణి ఒకటి అడుగుపెట్టింది.

"ఇదీ మిషనంటే," అన్నది నాయనతో. "చూసి నేర్చుకో."

అప్పటినుంచి ఆ గదికి అమ్మే కాపలా. పాత పట్టుచీర కత్తిరించి కంప్యూటరుకు గౌను కుట్టింది. ఇంట్లో ఉన్న వాటిలోకెల్లా కొత్త ఫ్యాను ఊడదీసి ఆ గదికి పెట్టించింది. దుమ్ము రాకుండా కిటికీ రెక్కల సందుల్లో నాయన చేత కాగితం అంటించింది. దేవుడి గదిలోకి ఎలుక దూరినా చూసీ చూడనట్టు పోయేది గానీ, కంప్యూటరు గదిలోకి ఎవరైనా చెప్పులతో వస్తే వీధి చివరిదాకా వినబడేలా కేకలేసేది.

నాకు ఆ గది కావాలి. అంత గట్టిగా నేను ఆ తర్వాత దేన్నీ కోరుకోలేదు, పెళ్ళికొడుకుతో సహా. టైపు మిషను మీద తప్పు కొడితే ఆ తప్పు కాగితం మీద ఉండిపోతుంది, చెరిపితే మచ్చ మిగులుతుంది. ఈ మిషనులో తప్పు కొట్టి, ఒక మీట నొక్కితే అసలా తప్పే జరగనట్టు మాయమైంది. నేను అది చూసిన రోజు అన్నం కూడా సరిగా తినలేదు. బావ లేని వేళల్లో వెళ్ళి ఇంజినీరు చూపించినవన్నీ చేసి చూసేదాన్ని. చివరికి ఒకరోజు నాయన దగ్గరికి పోయి అడిగేశాను.

"టైపు నేర్పించేది నేనే కదా నాయనా, ఇదీ నేనే నేర్పిస్తాను."

"అది టైపు మిషను కాదమ్మా. దాన్ని చదివినోడు కావాల."

"చదివినోడు వచ్చిన కాడినుంచి దాంట్లో ఆటలే ఆడతా ఉండాడు."

నాయన నవ్వాడు. ఆయనకు పందేలంటే సరదా. "సరి. విజయదశమి నాడు పిల్లల్ని చేర్పించేదానికి అందరూ వస్తారు కదా. వాళ్ళ ముందర నువ్వే దాన్ని లేపు. బావను అడక్కుండా లేపితే క్లాసు నీది. లేదంటే బావ సారు, నువ్వు ఎప్పటిమాదిరి టైపు టీచరు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా," అన్నాను. ఇంత సులువుగా ఇస్తాడని అనుకోలేదు.

ఇంజినీరు పోతూ పోతూ ఆ ఫ్లాపీకి వెంటనే నకలు తీసి పెట్టుకోమన్నాడు. బావ దాన్ని పట్టించుకోలేదు. "ఒకటుండంగా ఇంకోటి ఎందుకే? మార్చి మార్చి కట్టుకునేదానికి అదేమన్నా చీరా?" అన్నాడు. నేనే ఒక మధ్యాహ్నం కూర్చుని, ఇది తీయి, అది పెట్టు అని మిషను అడిగినప్పుడల్లా మారుస్తూ నకలు తీశాను. దాన్ని గదిలో పెడితే బావ తన ఆటలు ఎక్కించేసుకుంటాడని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నా గుడ్డసంచిలో దాచుకున్నాను. నేను ఎక్కడుంటే ఆ సంచీ అక్కడే.

ఇంతా చేసి, ఆయుధ పూజకు ముందురోజు నేను బయట చేరాను.

మా ఇంట్లో ఆ మూడు రోజులూ ఆడవాళ్ళకు పెరటి వసారా చివర ఒక ఇరుకు గది. అందులో వేరే చాప, వేరే పళ్ళెం, వేరే లోటా. ఫ్యాను లేదు. దాన్ని అమ్మ అరవంలో తీట్టు అనేది. తీట్టులో ఉన్న మనిషి దేన్నీ ముట్టకూడదు, ఆమె ముట్టిన వస్తువును ఇంకెవరూ ముట్టకూడదు. అమ్మ కూడా పెద్దమనిషైన నాటినుంచి ఇలాంటి గదుల్లోనే నెలనెలా కూర్చుంటూ వచ్చింది. నేను చాపా సంచీ తీసుకుని ఆ గదిలోకి పోయి వెక్కివెక్కి ఏడ్చాను. కడుపునొప్పి అనుకుని అమ్మ దూరం నుంచే వాము కషాయం జరిపింది.

నాయన వసారా దాకా వచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఏమి చేసేదమ్మా. సామే దోవ చూపించినాడు అనుకో." ఆయన గొంతులో బాధకన్నా నిశ్చింతే ఎక్కువ వినబడింది. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరు సారో ఎవరు టీచరో తేల్చడం సామికి ఎందుకో, అంత తీరికగా ఉన్నాడా అని నాకు ఒళ్ళు మండింది.

పూజ చప్పుళ్ళు వసారాలోంచి విన్నాను. ఆయుధ పూజ నాడు ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకూ గంధం కుంకుమ పెట్టి, ఆ రోజంతా దానికి విశ్రాంతి ఇవ్వాలి. టైపు మిషన్లన్నిటికీ బొట్లు. కత్తిపీటకు, కత్తెరకు, నాయన సైకిలుకు బొట్లు. చీపురుకు కూడా పెట్టారు. కంప్యూటరు గదికి మాత్రం అమ్మ సాంబ్రాణి పొగ తీసుకుపోలేదు, గడప బయటినుంచే దూరంగా హారతి చూపించింది. ఇంజినీరు చెప్పిన ఒక్క మాటా ఆమె మరిచిపోలేదు. బూడిదగుమ్మడికాయ పగిలిన చప్పుడైంది. బొరుగులూ బెల్లమూ పంచారు. ఆ ఇంట్లో బొట్టు పడకుండా మిగిలింది నేనూ, నా చాపా, నా సంచీ.

మరుసటి రోజు విజయదశమి. మారండహళ్ళి బస్సు దిగినవాళ్ళు, సోగత్తూరు నుంచి నడిచి వచ్చినవాళ్ళు, పిల్లల్ని వెంటబెట్టుకుని గుమ్మం నిండా నిలబడ్డారు. గుమ్మం బయట చెప్పుల కుప్ప. కంప్యూటరు గది వెనక కిటికీ మా వసారాలోకే ఉంది, నేను అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాను. బావ కొత్త చొక్కా వేసుకుని వచ్చి, పట్టుచీర గౌను తీసి, ఫ్లాపీని దాని కాగితం తొడుగులోంచి లాగి, జనం వైపు నవ్వుతూ, చూడకుండానే మిషను నోట్లోకి తోశాడు. స్విచ్చి వేశాడు.

మిషను గరగరమన్నది. నాకు తెలిసిన చప్పుడు కాదది. తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది: డిస్కు బాగా లేదు, వేరేది పెట్టి ఏదో ఒక మీట నొక్కు. బావ మీట నొక్కాడు. మళ్ళీ గరగర, మళ్ళీ అదే ముక్క. ఇంకో మీట నొక్కాడు. తర్వాత కనబడ్డ మీటలన్నీ నొక్కాడు. ఫ్యాను తిరుగుతున్నా ఆయన కొత్త చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఏమైందప్పా?" అన్నాడు నాయన, నవ్వు చెదరకుండా.

బావ గొంతు తగ్గించి, "వైరస్ మాదిరి ఉండాది మామా," అన్నాడు.

ఆ మాట జనంలో పడింది. ముందు నిలబడ్డవాళ్ళు అడుగు వెనక్కి వేశారు. ఎవరో అది మెడ్రాస్ ఐ అనే కళ్ళకలక లాంటిదా, చూస్తేనే అంటుకుంటుందా అని అడిగారు. మారండహళ్ళి నుంచి వచ్చిన ఒకామె తన కూతురి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మకు మాత్రం రోషం వచ్చింది. "నేను ఇంత మడిగా చూసుకుంటా ఉంటే దానికి రోగం ఎట్ల వస్తాదప్పా?" అన్నది.

నేను ఇక ఆగలేకపోయాను. రెక్కల సందులో అంటించిన కాగితాన్ని గోటితో చీల్చి కిటికీ తోశాను. "బావా, ఆ ఫ్లాపీ బయటికి తీసి చూడు."

"చూసేదానికి ఏముండాది?"

"నువ్వు తీయి ముందు."

తీశాడు. కోల కిటికీలో, గోధుమరంగు రేకు మీద, ఎండిన గంధం. దాని మధ్య కుంకుమ. మిషను తిప్పిన తిప్పుడుకు సగం బొట్టు ఈడ్చుకుపోయింది, మిగిలిన సగం చక్కటి గుండ్రంగా ఉంది. బొట్టు పెట్టాలంటే నుదురు కావాలి కదా. ఆ నల్లటి అట్టలో అమ్మకు నుదురులా కనబడింది అదొక్కటే.

అందరూ అమ్మ వైపు తిరిగారు.

"ఏలు తగలకూడదన్నాడు కదా," అన్నది అమ్మ. "అందుకే చామంతి కాడతో పెట్టినాను. ఏలు తగలనే లేదు."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. అంతలోనే ఆమె ముఖం చూశాను. ఊరంతటి ముందూ తన ప్రాణమైన మిషనును తన చేత్తోనే చంపుకున్నానని ఆమెకు అప్పుడే తెలుస్తోంది. నవ్వు మింగేశాను.

"అయిపాయ," అన్నాడు బావ, తప్పు తనది కాదని తేలినందుకు ఊపిరి పీల్చుకుంటూ. "ఇంక సేలంనుంచి ఇంజినీరు రావాల. పండగ సెలవుల్లో ఎవురొస్తారు?" గుమ్మం దగ్గర ఒకాయన అప్పుడే కుప్పలో తన చెప్పులు వెతుక్కుంటున్నాడు. నాయన ముఖం వాడిపోయింది.

"నా దగ్గర ఇంకోటి ఉండాది," అన్నాను సంచీ పైకెత్తి.

"ఇట్లియ్యి, ఇట్లియ్యి!" నాయన పరుగున కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి సగంలో ఆగిపోయింది. పెరటి వసారాలో వేరే పళ్ళెం దగ్గర పెట్టుకుని కూర్చున్న ఆడపిల్ల అంటే ఏమిటో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

అమ్మ తేరుకుంది. "ఉండు, పసుపు నీళ్ళు తెస్తాను. దాని మీద చల్లి తీసుకుందాం."

"నీళ్ళు పడితే ఇదీ పాయె అమ్మా."

"ఒక్క చుక్కే."

"ఒక్క చుక్కా కూడదు. ఇంకొకటి కూడా ఉండాది. మిషను లోపల చదివే మొనకు గంధం అంటుకోని ఉంటాది. మూత విప్పి స్పిరిట్‌తో తుడవకుండా దీన్ని పెడితే ఇదీ చెడిపోతాది. బావా, తుడుస్తావా?"

బావ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మూత విప్పితే కంపెనీవాళ్ళు ఒప్పుకోరు."

టైపు మిషన్ల అక్షరాల్ని స్పిరిట్‌తో తుడవడం నాకు చిన్నప్పటినుంచీ పళ్ళు తోముకున్నంత అలవాటు. ఇంజినీరు మూత విప్పినప్పుడు ఆ మొన ఎక్కడుందో చూసి పెట్టుకున్నాను. కానీ మధ్యలో గోడ ఉంది, కిటికీ ఉంది, తీట్టు ఉంది. నాయన అమ్మ వైపు చూశాడు. ఇన్‌స్టిట్యూట్ ఆయనదే గానీ ఈ విషయంలో ఆయన మాట చెల్లదు.

అమ్మ బావ వైపు తిరిగింది. "ఆ సేలం అబ్బాయి ఇది కూడదు అది కూడదు అని చెప్పినాడే. అదంతా ఇంకొకసారి చెప్పు."

"చెప్పులు కూడదు. దుమ్ము, పొగ, నీళ్ళు కూడదు. తడిచెయ్యి కూడదు. ఏలు తగలకూడదు."

"ఇంక?"

"అంతే అత్తా."

"తీట్టు గురించి?"

బావ చెవులు ఎర్రబడ్డాయి. "అదెట్ల చెప్తారత్తా?"

"దాంతో పాటు లావు పుస్తకం ఇచ్చినారే, దాంట్లో?"

"దాంట్లోనూ లేదు," అన్నాడు. ఆ పుస్తకం మీది ప్లాస్టిక్ కవరు ఇంకా చించనే లేదని నాకు తెలుసు.

అమ్మ కంప్యూటరును చూసింది, నన్ను చూసింది. తర్వాత పెరటి వైపు తలుపు గడియ తనే తీసింది.

"దానికి లేని తీట్టు నాకెందుకు?" అన్నది. "రా మే లోపలికి. చెప్పులు విప్పి రా."

నేను చెప్పులు విప్పి లోపలికి పోయాను. జనం రథానికి ఇచ్చినంత దోవ ఇచ్చారు. కొందరి ముఖాలు ముడుచుకున్నాయి, కానీ ఒక్కరూ బయటికి పోలేదు. మిషను మూత ఇప్పుడు ఎలా విప్పుతానో చూడకుండా ఎవరు పోతారు? మరలు ఊడదీసి, చీపురుపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, దూదికి గంధం అంటడం మానేదాకా ఆ మొనను తుడిచాను. ఆరనిచ్చి, మూత బిగించి, సంచిలోంచి నా ఫ్లాపీ తీసి పెట్టి స్విచ్చి వేశాను.

మిషను కుర్రుమన్నది. అది నాకు తెలిసిన చప్పుడే. నల్లటి తెర మీద ఒక మూల ఒక్క ఆకుపచ్చ అక్షరం, పక్కన మినుకుమినుకుమనే చిన్న గీత.

సోగత్తూరు నుంచి వచ్చిన ఒకాయన మెడ చాచి చూసి, "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే!" అన్నాడు నాయన మీసం మెలేసి. తర్వాత నా వైపు చూపించి, ఎవరూ అడక్కపోయినా, "ఈమే కంప్యూటరు టీచరు," అన్నాడు. ఆయన పందెం మాట తప్పే మనిషి కాదు. బావ దీపావళి లోపే తన ఆటల ఫ్లాపీలు సర్దుకుని సేలం వెళ్ళిపోయాడు. పెన్నులు కూడా తీసుకుపోయాడు.

ఒకసారి తీర్పు చెప్పాక అమ్మ వెనక్కి తగ్గే రకం కాదు. మరుసటి నెల నేను చాప తీసుకోబోతుంటే, "వంటింట్లోకి రావద్దు, దేవుడి గదిలోకి రావద్దు. కంప్యూటరు గదికి పో, దానికి పట్టింపు లేదు," అన్నది. అలా ఇంటిల్లిపాదీ గాలి రాని పాత ఫ్యాన్ల కింద విసనకర్రలు ఊపుకుంటుంటే, అంటరాని మనిషినైన నేను కొత్త ఫ్యాను కింద కూర్చునేదాన్ని. ఈ సంగతి ఊళ్ళో ఎలా పాకిందో తెలియదు గానీ, మా క్లాసులో చేరిన ఆడపిల్లలు తక్కిన రోజుల్లో ఎగ్గొట్టినా ఆ మూడు రోజులు మాత్రం తప్పకుండా వచ్చేవాళ్ళు. మా పిల్లకు చదువు మీద ఎంత శ్రద్ధో అని తండ్రులు మురిసిపోయేవాళ్ళు.

ఆ తర్వాతి ఎండాకాలం ఒక మధ్యాహ్నం క్లాసు లేదు. నేనొక్కదాన్నే ఏదో కొట్టుకుంటున్నాను. పెరటి తలుపు దగ్గర అలికిడైతే తల తిప్పాను. అమ్మ చాప చంకలో పెట్టుకుని గడప బయట నిలబడి ఉంది.

"లోపల ఎవురన్నా ఉండారా?"

"లేరమ్మా."

"నేను దూరం మే," అన్నది, నా వైపు చూడకుండా. "ఆ గదిలో ఒకటే ఉడకపోస్తా ఉండాది." చాపను ఇంకో చంకలోకి మార్చుకుని, "నేను చదువుకున్నదాన్ని కాదు కదా. నేను కూడా రావచ్చునా?" అని అడిగింది.

ఈ ఇంట్లో ఎవరు ఎక్కడ అడుగు పెట్టాలో అన్నేళ్ళుగా చెప్తూ వచ్చిన మనిషి నన్ను అడుగుతోంది.

"చెప్పులు విప్పితే చాలమ్మా," అన్నాను.

ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. అయినా ఒకసారి వంగి పాదాలు చూసుకుని, గుమ్మంలో వేసిన గోనెపట్టా మీద రెండూ శుభ్రంగా తుడుచుకుని, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది.